పన్ను మన ఊళ్ళో, తాళం ఆస్టిన్‌లో

(డాలస్ ఉత్తర శివార్లలోని ఒక తెలుగు స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: స్కూల్ డిస్ట్రిక్టు ఆర్థిక విభాగంలో పనిచేసి రిటైరైన అధికారి, లెక్కల టీచరు, ఒక గృహ యజమాని, హ్యూస్టన్ నుంచి వచ్చిన ఒక తల్లి. అతిథుల కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో సొంత ఇల్లున్నవారికి దసరా వెళ్ళీ వెళ్ళకముందే ఒక కవరు వస్తుంది. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు. మన అతిథుల్లో ఒకరు దాన్ని జేబులో పెట్టుకునే వచ్చారు. తీయండి సార్, ఇంకా దాచడం ఎందుకు?

గృహ యజమాని: దాచడానికేముందండీ, కౌంటీ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. (కాగితం మడత విప్పి బల్లమీద పరిచారు) ఇదిగో. కౌంటీకి ఒక వరుస, నగరానికి ఒకటి, కమ్యూనిటీ కాలేజీకి ఒకటి. అడుగున ఫ్రిస్కో ఐఎస్‌డీ. పై మూడూ కలిపినా ఈ ఒక్కదానికి సరితూగవు. ఇల్లు కొని పన్నెండేళ్ళయింది, విలువ రెట్టింపయింది. అయినా బడికి డబ్బు చాలడం లేదంటారు. స్టేలీ మిడిల్ స్కూలును మూసేశారు. మరి నేను కట్టింది ఎటు పోయినట్టు?

ఆర్థిక అధికారి: చెబుతాను. ముందు మీరు చెప్పండి, మీ ఇల్లు ఫ్రిస్కో నగరంలో ఉందా?

గృహ యజమాని: లేదు, ప్లేనోలో.

ఆర్థిక అధికారి: ఇల్లు ప్లేనో నగరంలో, బడి ఫ్రిస్కో ఐఎస్‌డీలో. మొదటి మెలిక ఇదే. ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, స్వతంత్రంగా నడిచే బడుల సంస్థ. నగరపాలక సంస్థతో దీనికి సంబంధం లేదు, మేయరు మాట ఇక్కడ చెల్లదు. ఫ్రిస్కో ఐఎస్‌డీ హద్దుల్లో ఫ్రిస్కోతో పాటు ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ ముక్కలు కూడా ఉన్నాయి. అరవై వేలకు మించిన పిల్లలు, పన్నెండు హైస్కూళ్ళు. ఇంతటి సంస్థను నడిపేది ఏడుగురు ట్రస్టీలు. మూడేళ్ళ పదవి, పైసా జీతం లేదు. సూపరింటెండెంటును నియమించేదీ, బడ్జెట్ ఆమోదించేదీ, పన్ను రేటు మీద చేయెత్తేదీ వాళ్ళే.

వ్యాఖ్యాత: సూపరింటెండెంట్ అంటే మన దగ్గర డీఈవోలాంటివారా?

ఆర్థిక అధికారి: ఆ పోలిక కుదరదు మేడమ్. మన దగ్గర డీఈవోను ప్రభుత్వం వేస్తుంది, జిల్లా పరిషత్ హైస్కూలు మాస్టారి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఇక్కడ సూపరింటెండెంట్ ఆ ఏడుగురికే జవాబుదారు. పనితీరు నచ్చకపోతే పంపేయగలరు.

గృహ యజమాని: అయితే డబ్బు పెత్తనమంతా వాళ్ళదేగా!

ఆర్థిక అధికారి: సరిగ్గా అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. ఒక బిందె ఊహించుకోండి. ఫలానా డిస్ట్రిక్టుకు ఏడాదికి ఎంత పెద్ద బిందె ఉండాలో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ నిర్ణయిస్తుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని ఒక మూల మొత్తం ఉంటుంది. 2019లో దాన్ని 6,160 డాలర్లు చేశారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, ఇంగ్లిషు నేర్చుకుంటున్నవారికి, పేద కుటుంబాల వారికి దానిమీద కొంత కలుపుతారు. అలా బిందె కొలత తేలుతుంది. ఇక దాన్ని నింపడం. ముందు మీ ఇంటి పన్ను పోస్తారు, వెలితి ఎంత మిగిలితే అంత రాష్ట్రం పోస్తుంది. ఇప్పుడు మీ ఇంటి విలువ రెట్టింపయింది, మీ చెంబు పెద్దదయింది. బిందె పెద్దదయిందా?

గృహ యజమాని: ...లేదు.

ఆర్థిక అధికారి: లేదు. రాష్ట్రం పోయవలసిన నీళ్ళు తగ్గాయి, అంతే. మీరు ఎక్కువ కట్టారు, ఆ మేరకు ఆస్టిన్‌కు ఖర్చు తప్పింది. మీ పాపాయి తరగతికి అదనంగా వచ్చింది దాదాపు సున్నా.

వ్యాఖ్యాత: బిందె నిండి పొర్లితే?

ఆర్థిక అధికారి: పొర్లింది ఆస్టిన్‌కు పోతుంది. చట్టంలో రీక్యాప్చర్ అంటారు, జనం నోట రాబిన్ హుడ్. పక్కనున్న ప్లేనో ఐఎస్‌డీ ఏళ్ళ తరబడి ఇలా పంపుతూనే ఉంది. అదే ప్లేనో బోర్డు 2024 జూన్‌లో నాలుగు బడులు మూయాలని తీర్మానించింది. పిల్లల సంఖ్య తగ్గడం అసలు కారణమే, కానీ రెండు వార్తలూ ఒకే ఇంటి బల్లమీద పడితే మనిషికి ఒళ్ళు మండదా మరి?

గృహ యజమాని: మండుతుంది. నా డబ్బు నా ఊరి పిల్లలకు పోకుండా...

లెక్కల టీచరు: ఒక్క నిమిషం సార్, అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రాబిన్ హుడ్ ఎవరో సరదాకు పెట్టింది కాదు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్టు ఉంది. అక్కడ ఇళ్ళకు విలువ లేదు, ఎంత రేటు వేసినా పన్ను రాలదు. పక్క డిస్ట్రిక్టులో తక్కువ రేటుకే ధారగా వస్తుంది. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు 1968లో కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టులో అయిదుగురు కాదన్నారు, నలుగురు అవునన్నారు, ఓడిపోయారు. ఊరుకోలేదు. మళ్ళీ రాష్ట్ర కోర్టుల్లో పోరాడితే 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు ఒత్తిడితోనే 1993లో రీక్యాప్చర్ వచ్చింది. మీ ఊరి పిల్లలంటే ఎవరు సార్? మనిద్దరం పల్లెటూరి బడుల్లో చదివి వచ్చినవాళ్ళమే కదా.

గృహ యజమాని: పేద బడికి ఇవ్వద్దని నేననలేదమ్మా. ఇచ్చింది ఆ బడికే చేరుతోందా అని అడుగుతున్నాను.

ఆర్థిక అధికారి: న్యాయమైన ప్రశ్న. పొర్లిన డబ్బు ఎడ్జ్‌వుడ్ పేర ఉన్న డబ్బాలో పడదు. రాష్ట్రం బడులకు ఎలాగూ ఇవ్వవలసిన మొత్తంలో కలుస్తుంది, ఆ మేరకు రాష్ట్ర ఖజానాకు వెసులుబాటు. ఈ రాష్ట్రంలో జీతాల మీద ఆదాయపు పన్ను లేదు కదా అని మనమంతా కాలిఫోర్నియా బంధువుల దగ్గర గొప్పలు పోతాం. ఆ బరువులో కొంత ఈ కాగితం మోస్తోంది.

వ్యాఖ్యాత: టీచరమ్మగారూ, తరగతి గదిలోంచి చూస్తే ఇదంతా ఎలా కనిపిస్తుంది?

లెక్కల టీచరు: నాకు హాజరుగా కనిపిస్తుంది. మేము రోజూ ఒక నిర్ణీత సమయంలో హాజరు తీసుకుంటాం. ఆ సమయానికి పిల్లవాడు కుర్చీలో ఉన్నాడా లేదా, అదే లెక్క. చాలా రాష్ట్రాలు బడిలో పేరుంటే చాలంటాయి, టెక్సాస్ సగటు హాజరును బట్టి డబ్బిస్తుంది. ఆ 6,160ని బడి రోజులతో భాగించండి, రోజుకు ముప్పై అయిదు డాలర్ల దరిదాపుల్లో వస్తుంది. ఇప్పుడు మనవాళ్ళ సంగతికి వద్దాం. క్రిస్మస్ సెలవుల్లో ఇండియా వెళతారు, సంక్రాంతి చూసుకుని వస్తారు. నా తరగతిలో జనవరి మొదటి రెండు వారాలూ నలుగురి కుర్చీలు ఖాళీ. నలుగురు, పది రోజులు, ముప్పై అయిదేసి. పద్నాలుగు వందల డాలర్లు. ఒక్క గదిలో! ఆ రెండు వారాలూ నా జీతం తగ్గదు, గదిలో దీపాలు ఆరవు, బస్సు తిరగడం మానదు.

గృహ యజమాని: (నవ్వుతూ) మొన్న సంక్రాంతికి మేమూ వెళ్ళాం.

లెక్కల టీచరు: వెళ్ళద్దనడం లేదు సార్. ముగ్గులూ గొబ్బెమ్మలూ పిల్లలు చూడద్దూ? లెక్క ఇలా ఉంటుందని చెబుతున్నాను.

వ్యాఖ్యాత: ఆ 6,160 సంఖ్య ఇప్పటికీ అంతేనా?

ఆర్థిక అధికారి: ఆరేళ్ళు కదలలేదు. మధ్యలో కోవిడ్ వచ్చింది, ధరలు ఎంత పెరిగాయో కిరాణా కొట్టుకు వెళ్ళేవారికి చెప్పక్కరలేదు. 2025లో కదిలించారు. ఎంతనుకున్నారు? యాభై అయిదు డాలర్లు.

గృహ యజమాని: నెలకా?

ఆర్థిక అధికారి: ఏడాదికి, తలకు. శాసనసభ అసలేమీ ఇవ్వలేదనను. అదే చట్టంలో మొత్తం 850 కోట్ల డాలర్లు కేటాయించారు, టీచర్ల జీతాలకు విడిగా పెట్టారు. అయితే పెద్ద డిస్ట్రిక్టులో అయిదేళ్ళ అనుభవమున్న టీచరుకు అయిదు వేల డాలర్ల పెంపు, అయిదు వేలమంది పిల్లలకు మించని చిన్న డిస్ట్రిక్టులో ఎనిమిది వేలు. ఏ పద్దుకు ఎంతో కూడా అక్కడే రాసి పంపుతారు. ఇక కరెంటుకు, బీమాకు, డ్రైవర్లకు ట్రస్టీల చేతిలో స్వేచ్ఛగా మిగిలేది ఆ మూల మొత్తమే.

గృహ యజమాని: సరే, డబ్బు లేదు. మరి స్టేడియాలెలా కడతారు? ఆలెన్‌లో హైస్కూలు ఫుట్‌బాల్‌కు ఆరు కోట్ల డాలర్లతో కట్టారు. 2012లో తెరిచారు, రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్ళిచ్చిందని మూశారు, మళ్ళీ బాగుచేసి తెరిచారు. టీచరుకు లేని డబ్బు గ్యాలరీలకు ఎక్కడిది?

ఆర్థిక అధికారి: రెండు జేబులు. ఒకటి రోజువారీ నిర్వహణ, అందులో అయిదింట నాలుగు పాళ్ళు జీతాలే. రెండోది బాండ్ల అప్పు తీర్చే జేబు. బాండు డబ్బుతో భవనం కట్టవచ్చు, బస్సు కొనవచ్చు, ఏసీ మార్చవచ్చు. టీచరుకు ఒక్క డాలరు ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. పైగా రెండో జేబులోంచి రాబిన్ హుడ్ తీసుకోడు. కాబట్టి బోర్డుకు కట్టడాల వైపు మొగ్గు ఉంటుంది. ఇది నా సొంత అభిప్రాయం, నాతో పనిచేసినవాళ్ళు కొందరు ఒప్పుకోరు.

వ్యాఖ్యాత: 2024 నవంబరులో ఫ్రిస్కోలో ఆ రెండు జేబులకూ ఓటు పెట్టారు.

ఆర్థిక అధికారి: అవును. పన్ను రేటు పెంపు ఒకటి, బాండ్లు మూడు, బాండ్ల మొత్తం వంద కోట్ల డాలర్లకు పైమాటే. నాలుగూ ఓడిపోయాయి. నాకు బాధ కలిగించింది మొదటిది. రేటు పెంపులో కొన్ని సెంట్లను గోల్డెన్ పెన్నీలంటారు, బంగారు పైసలన్నమాట. వాటిమీద రీక్యాప్చర్ లేదు, వచ్చిందంతా ఊళ్ళోనే ఉంటుంది. మీ డబ్బు మీ పిల్లలకే అని ఇందాక మీరన్నారే, ఆ మాటకు అతి దగ్గరగా ఉన్నది అదే.

గృహ యజమాని: నేను వద్దని వేశాను. నాలుగింటికీ.

(కాసేపు మౌనం)

గృహ యజమాని: అలా చూడకండి. బ్యాలెట్‌లో బాండు పక్కన ఏముంటుందో తెలుసుగా? ‘ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది చదివాక చెయ్యి రాదు.

ఆర్థిక అధికారి: ఆ వాక్యం 2019 చట్టం పెట్టించింది. అసలు రేటు పెరగకపోయినా, పాత అప్పు తీరి తగ్గుతున్నా రాయవలసిందే. ట్రస్టీలకు దాన్ని తీసేసే హక్కు లేదు.

వ్యాఖ్యాత: హ్యూస్టన్ నుంచి వచ్చిన అమ్మగారు ఇంతసేపూ మౌనంగా ఉన్నారు.

హ్యూస్టన్ తల్లి: మీరు ఏడుగురు ట్రస్టీల గురించి ఇంత పట్టుగా మాట్లాడుకుంటుంటే ముచ్చటేసి వింటున్నానండీ. మాకు తొమ్మిదిమంది ఉండేవారు, మేము ఓటేసి గెలిపించినవారు. 2023 జూన్ 1న వాళ్ళను పక్కన పెట్టి, రాష్ట్ర విద్యా కమిషనరు తాను ఎంచిన బోర్డును కూర్చోబెట్టారు. సూపరింటెండెంటుగా మైక్ మైల్స్‌ను తెచ్చారు. 2015 నాటి చట్టం ప్రకారం ఒక్క బడి రాష్ట్రం ఇచ్చే రేటింగులో వరసగా అయిదేళ్ళు తప్పితే చాలు, ఆ బడిని మూయడమో, బోర్డును మార్చడమో కమిషనరు చేసి తీరాలి. మాకు వీట్లీ హైస్కూలు పేరు మీద వచ్చింది. రెండు వందల డెబ్బైకి పైగా బడులున్న డిస్ట్రిక్టు అది!

లెక్కల టీచరు: అది అన్యాయమని అందరూ అనరు మేడమ్. అయిదేళ్ళు తప్పిన బడిలో చదివిన పిల్లవాడి సంగతి?

హ్యూస్టన్ తల్లి: నేనూ అదే అనుకున్నాను మొదట్లో. కొన్ని బడుల్లో మార్కులు పెరిగాయి కూడా. కానీ నాకు కోపమొస్తే ఎవరిని దించాలి? కమిషనరును గవర్నరు వేస్తారు, బోర్డును కమిషనరు వేస్తారు. ట్రస్టీల ఎన్నికలు జరుగుతూనే ఉంటాయి, గెలిచినవారికి అధికారం మాత్రం ఉండదు. అందుకే 2024 నవంబరులో 440 కోట్ల డాలర్ల బాండు పెడితే జనం ఓడించారు. బడి పైకప్పులు కారుతున్నాయని తెలిసీ వద్దన్నారు. మా చేతిలో మిగిలిన మీట అదొక్కటే మరి.

ఆర్థిక అధికారి: మీ ఊరివాళ్ళు అంతకు ముందు రీక్యాప్చర్ మీద కూడా తిరగబడ్డారు కదా.

హ్యూస్టన్ తల్లి: అదో కథ. 2016లో ఆస్టిన్‌కు డబ్బు పంపాలా వద్దా అని ఓటు పెట్టారు. బ్యాలెట్‌లో మాటేమిటంటే, ‘హాజరు క్రెడిట్లు కొనడం’! చదివినవాళ్ళకు తలా తోకా తెలియలేదు. వద్దన్నాం. వద్దంటే మా డిస్ట్రిక్టులోని పెద్ద పెద్ద వ్యాపార భవనాలను విడదీసి వేరే డిస్ట్రిక్టు లెక్కలో వేస్తామన్నారు. 2017 మేలో మళ్ళీ ఓటు పెడితే నోరు మూసుకుని సరేనన్నాం.

వ్యాఖ్యాత: టీచరమ్మగారూ, ఈ ఎన్నికల్లో మీరెలా ఓటేస్తారు?

లెక్కల టీచరు: నాకు ఓటు లేదు మేడమ్. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాం. పన్ను కడతాను, పిల్లల్ని పంపుతాను, అక్కడే పాఠం చెబుతాను. ఓటు పౌరులకే. మా వీధిలో సగం ఇళ్ళది ఇదే పరిస్థితి.

గృహ యజమాని: నాకు ఓటుంది. ట్రస్టీల ఎన్నికకు మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. నిజం చెబుతున్నాను, ఎప్పుడో కూడా తెలియదు.

ఆర్థిక అధికారి: మే మొదటి శనివారం. నెల రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి. జనం ఎంత తక్కువగా వస్తారంటే, మన సంక్రాంతి ముగ్గుల పోటీకి వచ్చేవాళ్ళంతా వెళ్ళి ఓటేస్తే ఫలితం అటూ ఇటూ అవుతుంది.

లెక్కల టీచరు: ఓటు లేనివాళ్ళు?

ఆర్థిక అధికారి: మాట ఉంది. బోర్డు సమావేశంలో ఎజెండా అంశం మీద ఎవరైనా పేరు రాయించుకుని మాట్లాడవచ్చు, పౌరసత్వం అడగరు. బడ్జెట్ ఆమోదించే ముందు బహిరంగ విచారణ పెట్టి తీరాలి. ఇరవై ఏళ్ళు ఆ గది వెనక వరుసలో కూర్చున్నాను. ఎన్నోసార్లు ట్రస్టీలు, మేము, ఒక పోలీసు అధికారి, అంతే. మైకు ముందుకు ఒక్కరూ వచ్చేవారు కారు.

గృహ యజమాని: ఈసారి నేను వస్తాను, ఈ బిల్లు పట్టుకుని. ఎప్పుడుంటుంది?

ఆర్థిక అధికారి: ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలయ్యే చోట జూన్‌లో.

గృహ యజమాని: జూన్‌లోనా? (బిల్లు మడతపెడుతూ) జూన్‌లో మేము హైదరాబాదులో ఉంటామండీ. టికెట్లు కూడా కొనేశాం.