సిప్ సర్వర్ మీద లోడు పడితే 503 ఒక్కటే ఎందుకు చాలదు

నమస్కారమండీ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను వెలిశాక శ్రీకాకుళం జిల్లాలో ఒక టౌనుకి కరెంటు తిరిగొచ్చిందనుకోండి. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఉన్న ఐపీ ఫోన్లన్నీ (నెట్‌వర్క్ మీద మాట్లాడే ఫోన్లు) ఒక్కసారే లేస్తాయి, లేవగానే "నేనిక్కడున్నా" అని చెప్పే రిజిస్టర్ మెసేజ్ పంపుతాయి. గంటంతా విడివిడిగా రావాల్సిన పని ఒక్క నిమిషంలో, ఆ ఫోన్ల కాల్స్ కలిపే సిప్ సర్వర్ నెత్తిన పడుతుంది.

నిజానికి సర్వర్‌ని ముంచేది వచ్చిన కాల్స్ కన్నా వాటి కాపీలు. మెసేజ్ అందిందో లేదో తనంతట చెప్పని యూడీపీ మీద, కాల్ మొదలుపెట్టే ఇన్వైట్ మెసేజ్‌కి అర సెకనులో జవాబు రాకపోతే ఫోను మళ్లీ పంపుతుంది. తర్వాత ఒక సెకను ఆగి, రెండు ఆగి, నాలుగు ఆగి... అలా 32 సెకన్లలో మొత్తం ఏడుసార్లు. రిజిస్టర్ అయితే పదకొండు! సెకనుకి వెయ్యి మెసేజ్‌లు తీయగల సర్వర్ ముందు క్యూలో రెండు వేలున్నాయంటే, ఆలస్యం రెండు సెకన్లు. అంటే మీరు ఒక ఇన్వైట్ చేతిలోకి తీసుకునే సరికే దాని కాపీలు ఇంకో రెండు వెనకాల నిలబడి ఉంటాయి.

అందుకే "బఫర్ (మెసేజ్‌లు వేచి ఉండే చోటు) పెంచేద్దాం" అనే సలహా నాకు అస్సలు నచ్చదు. క్యూ పొడుగయ్యేకొద్దీ పాతబడ్డ మెసేజ్‌ల మీదే సీపీయూ ఖర్చవుతుంది. ముందు లైనక్స్‌లో ఎస్ఎస్ (ss) కమాండ్ కొట్టి, సిప్ వాడే 5060 పోర్టు దగ్గర రిసీవ్ క్యూ చూడండి. అది సున్నాకి రాకుండా పెరుగుతూనే ఉంటే ముంపు మొదలైపోయినట్టే. ఇన్వైట్ అందగానే "అందింది, చూస్తున్నా" అనే 100 ట్రయింగ్ జవాబు పంపించేయండి, కాపీలు ఆగుతాయి.

ఇక 503, అంటే "ఇప్పుడు నా వల్ల కాదు" అనే జవాబు. దాంట్లో రిట్రై ఆఫ్టర్ 10 (పది సెకన్లు ఆగి రండి) అని పెట్టి పంపితే, పైనున్న ప్రాక్సీ, అంటే మీకు మెసేజ్‌లు చేరవేసే సర్వర్, ఆ పది సెకన్లూ మీకు ఏమీ పంపదు. ఆ లోడంతా విజయనగరంలో ఉన్న రెండో సర్వర్‌కి మళ్లుతుంది, అదీ పడిపోతుంది. పది సెకన్లయ్యాక మొత్తం మళ్లీ మీ మీదకే. పైగా కాదని చెప్పడానికీ సీపీయూ కావాలి కదా!

దీనికి మందు 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 7339. సర్వర్ తన జవాబులోని వయా హెడర్‌లో (మెసేజ్ నడిచిన దారి రాసే వరస) ఓసీ=20 అని, అంటే ఓవర్‌లోడ్ కంట్రోల్ విలువ, రాస్తుంది. అంటే నాకు పంపేవాటిలో 20 శాతం మీ దగ్గరే ఆపండి అని. ఆ మాట ఎంతసేపు చెల్లుతుందో ఓసీ వాలిడిటీ చెబుతుంది, ఏమీ రాయకపోతే 500 మిల్లీసెకన్లు. చిక్కెక్కడంటే, పైనుంచి వచ్చేది ఉన్నట్టుండి రెట్టింపైతే 20 శాతం కోసినా మిగిలేది మోయలేం. అక్కడ 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7415 మేలు. అందులో సెకనుకి ఇన్నే అని లెక్క కడతారు.

కోసేటప్పుడు కొత్త ఇన్వైట్‌లు కోయండి. 108, 112 జోలికి పోవద్దు. కాల్ ముగించే బై మెసేజ్‌ని అసలు ఆపొద్దు, అది పోతే అయిపోయిన కాల్ సర్వర్‌లో వేలాడుతూనే ఉంటుంది.

రిజిస్టర్ల సంగతికొస్తే, కమైలియోలో (ఒక సిప్ సర్వర్ సాఫ్ట్‌వేర్) డిఫాల్ట్ ఎక్స్‌పైర్స్ రేంజ్ పెట్టుకుంటే, గడువు తాముగా అడగని ఫోన్ల రిజిస్ట్రేషన్ గడువులు చెదిరి, వాటి రెన్యువల్స్ ఒకేసారి మీద పడవు. కరెంటొచ్చిన మొదటి తాకిడిని మాత్రం అది ఆపలేదు. పైవాళ్లకి ఓసీ తెలియకపోతే కమైలియోలోనే ఉన్న పైప్‌లిమిట్ మాడ్యూల్‌తో ఒక్కో సోర్స్ ఐపీకి విడిగా హద్దు పెట్టండి, అందరికీ కలిపి ఒకటే పెడితే గోల చేసేవాడే మొత్తం వాటా తినేస్తాడు.