తెర చూడకుండా మిక్సింగ్

సభకు నమస్కారం.

డిసెంబరు కచేరీల రోజుల్లో మైలాపూరు వీధుల్లో తిరిగే మన తెలుగువారికి తమిళుల గొంతులో త్యాగరాజ కృతి వినబడడం కొత్త కాదు. అటువంటి కచేరీని నాలుగైదు మైకులతో రికార్డు చేసి, ఒక్కొక్క మైకులో పడ్డ ధ్వనిని తూచి, ఒకదానితో ఒకటి పొసగేటట్టు కలపడాన్నే మిక్సింగ్ అంటున్నాం. నాకు చూపు లేదు. ఈ పని ఎలా నేర్చుకున్నానో, ఎక్కడ తడబడ్డానో ఈ సాయంత్రం మీకు చెబుతాను.

మొదట నేను చేరిన శిక్షణ తరగతిలో గురువుగారు మంచివారే గాని, పాఠమంతా వేలితో చూపించేదే. ధ్వని తీవ్రతను చూపే గీతను చూపి, "ఇదిగో, ఈ మీటరు ఎరుపెక్కకూడదు" అనేవారు. అక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట మీదికి వెళ్లినా, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ "బటన్, బటన్" అనడం తప్ప దాని పేరు చదివేది కాదు. నేను కట్టిన రుసుము అలా నీళ్లలో పోయింది.

దారి వేరే చోట దొరికింది. విండోస్‌లో పనిచేసే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే అంధుడు 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే మరో అంధుడు అతనితో చేరాడు. విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ సంస్థ తయారుచేసిన రీపర్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ఈ రెంటినీ కలిపే ఒసారా అనే ఉచిత పొడిగింపును మొదలుపెట్టింది కూడా జేమ్స్ టేయే. అది వేసుకున్నాక బాణం మీటలతో ఒక ట్రాకు (ఒక్కో మైకు రికార్డింగు) నుంచి ఇంకో ట్రాకుకు వెళ్తే దాని పేరు పలుకుతుంది. ప్లగిన్ (ధ్వనిని మార్చే చిన్న అనుబంధ సాఫ్ట్‌వేర్) బొమ్మలతో నిమిత్తం లేకుండా అందులోని విలువలను జాబితాగా ముందు పెడుతుంది. గురువుగారు చూపించిన ఆ ఎరుపుకు బదులు, ధ్వని మనం పెట్టిన హద్దు దాటినప్పుడు నోటితో హెచ్చరిస్తుంది.

అయితే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చూపున్న ఇంజనీరు కంటితో అంకె చూస్తూనే చెవితో పాట వింటాడు, నాకేమో రెండింటికీ ఉన్నది ఒకటే ద్వారం. గాయని చరణం ఎత్తుకోగానే స్క్రీన్ రీడర్ "మైనస్ ఏడు పాయింట్ రెండు" అని అడ్డం వస్తే, ధ్వనిలోని హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ గొంతును నొక్కేస్తోందా లేదా అన్నది ఎవరికి తెలుస్తుంది? చివరికి నేను చేసిన ఏర్పాటు చాలా మామూలుది. పాటను ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటరుకు తగిలించే ధ్వని పెట్టె) ద్వారా హెడ్‌ఫోనుకు పంపి, స్క్రీన్ రీడర్ మాటను ల్యాప్‌టాప్ స్పీకరుకు మళ్లించాను. విలువ మార్చేటప్పుడు ఒక చెవి మీది కప్పు కాస్త జరుపుతాను, వినేటప్పుడు రెండు చెవులూ మూస్తాను. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది గాని, అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. మృదంగానికి ఎడమ తలకు ఒక మైకు, కుడి తలకు ఒక మైకు పెట్టి రికార్డు చేసిన కచేరీ ఒకటి నా చేతికి వచ్చింది. సోలో చేసి, అంటే ఒక్కొక్కటిగా వింటే ఏ ట్రాకుకు ఆ ట్రాకు నిండుగా ఉంది. రెండూ కలిపితే మాత్రం ఎడమ తల గుంకారం చిక్కిపోయి, రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. కింది, పై స్వరాలను విడివిడిగా పెంచే, తగ్గించే ఈక్యూతో కింది స్వరాలను పెంచి పెంచి విసిగిపోయాను. ఆ తర్వాత గాని కారణం తట్టలేదు. ఎడమ తల మీద దెబ్బ పడగానే ఆ చర్మం లోపలికి వెళ్తుంది, లోపలి గాలి కుడి చర్మాన్ని బయటికి తోస్తుంది. ఒక మైకు నుంచి గాలి దూరమయ్యే క్షణంలోనే రెండో మైకు మీదికి గాలి వస్తోందన్నమాట. కలిపినప్పుడు రెండు ధ్వనులూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. కుడి ట్రాకు ఫేజ్ తిరగేశాను, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేశాను, ఈక్యూ తీసేశాను, గుంకారం తిరిగి వచ్చింది. తరంగాల బొమ్మ చూసేవారికి ఇది ముందే కనబడి ఉండేదేమో గాని, ఆ బొమ్మ వారికి గుంకారం ఎంత చాలో చెప్పదు.

కొత్తగా నేర్చుకునేవారు అంకెల మోజులో పడడం నేను తరచుగా చూస్తున్నాను. స్క్రీన్ రీడర్ అంకెను అంత స్పష్టంగా పలికేసరికి, వయొలిన్‌ను 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గించాలన్నది ఒక సూత్రంలా రాసిపెట్టుకుంటారు. ఆ వయొలిన్ ఆ రోజు ఆ గొంతుకు అడ్డం వచ్చింది కనుక తగ్గించాం, ఇంకో గొంతు పక్కన అదే వయొలిన్‌ను ముట్టుకోనక్కరలేకపోవచ్చు. అందుకే నా దగ్గరికి వచ్చేవారిని మొదటి వారం ప్లగిన్ల జోలికి పోనివ్వను, ట్రాకు ధ్వనిని పెంచి తగ్గించే ఫేడర్లతోనే సరిపెట్టమంటాను. (కొందరు అలిగి మానేశారు కూడా.)

నేను చెప్పిన ఆ మృదంగం ట్రాకులు రెండూ ఇక్కడ తెచ్చాను. ముందు ఫేజ్ తిరగేయకుండా వినిపిస్తాను, తర్వాత తిరగేసి వినిపిస్తాను. దయచేసి ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపించండి.