ఇంటిపేరు ఒకటే, వంశాలు వేరు: అమెరికా చరిత్రలో ‘వాషింగ్టన్’లను గుర్తుపట్టడం ఎలా?

[స్క్రీన్ మీద: ఒక డాలర్ నోటు]

నమస్తే అండి. ఈ వీడియోలో ఒకే ఒక్క ఇంటిపేరు తీసుకుందాం. వాషింగ్టన్. పేరు వినగానే మనకి ఈ నోటు మీది ముఖమే గుర్తొస్తుంది. కానీ అమెరికా 2000 జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరు ఉన్నవాళ్ళు సుమారు 1,63,000 మంది ఉంటే, వాళ్ళలో దాదాపు 90 శాతం నల్లజాతివాళ్ళు. పైగా జార్జ్ వాషింగ్టన్‌కి సొంత పిల్లలే లేరు. మరి వీళ్ళంతా ఎవరు? చరిత్ర చదివేటప్పుడు ఒక వాషింగ్టన్ కనిపిస్తే అతను ఎవరి తాలూకో ఎలా తెలుసుకోవాలి? అదే ఇవాళ్టి పని.

ముందు ఒక చిన్న జల్లెడ పట్టాలి. ఆ పేరు నిజంగా ఇంటిపేరేనా? రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1783లో పుట్టాడు. యుద్ధం గెలిచిన జనరల్ మీద అభిమానంతో తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఇంటిపేరు కార్వర్. అది అతని కుటుంబాన్ని బానిసలుగా ఉంచుకున్న యజమాని ఇంటిపేరు. గాయని డైనా వాషింగ్టన్ అసలు పేరు రూత్ జోన్స్, ఇది స్టేజి కోసం పెట్టుకున్న పేరు. ఈ ముగ్గురినీ పక్కన పెట్టేయండి. సెర్చ్ బాక్స్‌లో పేరు కొట్టగానే వీళ్ళే ముందొచ్చి మనల్ని కంగారు పెడతారు.

[స్క్రీన్ మీద: వంశవృక్షం, పైన జాన్ వాషింగ్టన్]

ఇప్పుడు తెల్లవాళ్ళ శాఖ. 1650ల్లో జాన్ వాషింగ్టన్ అనే అతను ఇంగ్లండ్ నుంచి వర్జీనియా వచ్చి స్థిరపడ్డాడు. ఇతను జార్జ్‌కి ముత్తాత. తర్వాత జార్జ్‌ది అయిన మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌కి ఆ పేరు పెట్టింది జార్జ్ సవతి అన్న లారెన్స్. జార్జ్ పెళ్ళాడిన మార్తా అప్పటికే భర్త పోయి, ఇద్దరు పిల్లలున్న మనిషి. ఆ పిల్లల ఇంటిపేరు కస్టిస్. అంటే జార్జ్ ఇంట్లో పెరిగినవాళ్ళు వాషింగ్టన్‌లు కారు. ఇంటిపేరు నిలిచింది అన్నదమ్ముల పిల్లల దగ్గర.

వాళ్ళలో గుర్తుంచుకోవలసింది బుష్రాడ్ వాషింగ్టన్, జార్జ్ తమ్ముడి కొడుకు. 1798 నుంచి 1829లో చనిపోయేదాకా సుప్రీంకోర్టు జడ్జి. మార్తా పోయాక మౌంట్ వెర్నన్ ఇతనికి వచ్చింది. పెద్దనాన్న తన సొంత బానిసలకి స్వేచ్ఛ ఇమ్మని వీలునామా రాసి పోతే, ఈ జడ్జిగారు 1821లో తన దగ్గరున్న బానిసల్లో 54 మందిని లూసియానా వాళ్ళకి అమ్మేశారు. ఆ రోజుల్లోనే పత్రికల్లో పెద్ద గొడవైంది.

ఇక్కడ వీలునామా గురించి ఒక మాట. 1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉండేవాళ్ళు. జార్జ్ చేతిలో ఉన్నది వాళ్ళలో సగం కంటే తక్కువ మంది. మిగతా వాళ్ళలో ఎక్కువమంది మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తి కింద లెక్క, వాళ్ళని విడిపించే హక్కు చట్ట ప్రకారం జార్జ్‌కి లేదు. ఈ బానిసల జాబితా జార్జ్ స్వయంగా రాసిందే, ‘ఫౌండర్స్ ఆన్‌లైన్’ సైట్లో ఉచితంగా చూడొచ్చు. చూసినప్పుడు ఒక్కటి గమనించండి: దాదాపు అందరికీ ఒంటి పేర్లే. ఇంటిపేరు గడి అనేదే లేదు.

[స్క్రీన్ మీద: హార్పర్స్ ఫెర్రీ మ్యాప్]

ఈ శాఖలో ఇంకొక్కరిని చెప్పి ముందుకెళ్దాం. లూయిస్ వాషింగ్టన్, జార్జ్ సవతి అన్న సంతతివాడు. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ బానిసల తిరుగుబాటు లేపాలని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసినప్పుడు, తన మనుషుల్ని పంపి ఈయన్ని ఇంట్లోంచి బందీగా పట్టుకొచ్చాడు. ఇంట్లో ఉన్న జార్జ్ వాషింగ్టన్ కత్తి కూడా తెప్పించుకున్నాడు. బందీని విడిపించడానికి వచ్చిన బలగానికి అధికారి ఎవరు? తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాన్ని నడిపిన రాబర్ట్ ఈ. లీ. ఆయన భార్య మార్తా మునిమనవరాలు. వర్జీనియా పెద్ద కుటుంబాల చరిత్ర ఇలాగే ఉంటుంది, ఎటు తిరిగినా బంధువే ఎదురవుతాడు.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ 90 శాతం.

మొదట హ్యారీ. ఆఫ్రికాలో గాంబియా ప్రాంతంలో పుట్టాడు. 1760ల్లో జార్జ్ వాషింగ్టన్ ఇతన్ని కొన్నాడు. 1771లో ఒకసారి పారిపోయి దొరికిపోయాడు. స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక, తమ వైపు వచ్చిన బానిసలకి స్వేచ్ఛ ఇస్తామని బ్రిటిష్ గవర్నర్ డన్మోర్ ప్రకటిస్తే, మళ్ళీ పారిపోయి వాళ్ళతో కలిశాడు. జార్జ్ ఇటు, హ్యారీ అటు. 1783లో యుద్ధం ముగిశాక, న్యూయార్క్‌లో ఓడలెక్కుతున్న నల్లవాళ్ళని యజమానులకి అప్పగించమని జార్జ్ వాషింగ్టన్ బ్రిటిష్ కమాండర్ కార్ల్‌టన్‌ని అడిగాడు. మాట ఇచ్చాం, అప్పగించలేం అన్నాడు కార్ల్‌టన్. బదులుగా ఒక పెద్ద రిజిస్టర్ రాయించాడు. అందులో సుమారు 3,000 మంది పేర్లున్నాయి. హ్యారీ వాషింగ్టన్, వయసు 43, ఇంతకు ముందు జనరల్ వాషింగ్టన్ సొత్తు, 7 ఏళ్ళ కింద వదిలి వచ్చాడు అని ఒక వరుస.

చూశారా, మౌంట్ వెర్నన్‌లో ఉన్నప్పుడు ఒట్టి హ్యారీ. ఎవరిని వదిలి పారిపోయాడో వాళ్ళ ఇంటిపేరుతోనే స్వేచ్ఛ పుస్తకంలోకి ఎక్కాడు. నోవా స్కోషియా వెళ్ళాడు, అక్కడి నుంచి 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కి. అక్కడ ఆ వలసని నడిపే కంపెనీ వేసిన భూమి శిస్తు మీద 1800లో తిరగబడ్డ వాళ్ళలో ఇతనూ ఉన్నాడు, దేశ బహిష్కారం పడింది. ఈయన మీద ఒక్క వీడియో చాలదు.

అయితే హ్యారీ ఉదాహరణ చూసి, ఈ ఇంటిపేరున్న నల్లవాళ్ళందరి పూర్వీకులూ వాషింగ్టన్‌ల ఎస్టేట్‌లోనే ఉన్నారని అనుకోకండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ని చూడండి. 1856లో వర్జీనియాలో బరోస్ అనే కుటుంబం దగ్గర బానిసగా పుట్టాడు. 1861లో ఆ ఇంటి ఆస్తుల లెక్కలో బుకర్ అనే పిల్లవాడికి కట్టిన ఖరీదు 400 డాలర్లు. విముక్తి తర్వాత బడికి వెళ్తే, హాజరు పిలుస్తున్నప్పుడు మిగతా పిల్లలందరికీ కనీసం రెండేసి పేర్లు. తన వంతు వచ్చేసరికి బుకర్ వాషింగ్టన్ అని చెప్పేశాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్, అంటే అది ఆయన ఇంటిపేరు కూడా కాదు. తల్లి తనకి పుట్టినప్పుడు టాలియాఫెరో అనే పేరు కూడా పెట్టిందని తర్వాత తెలిసి, మధ్యలో ‘టి’ చేర్చుకున్నాడు. అలా కుర్రాడు అక్కడికక్కడ కట్టుకున్న పేరు 1881 నుంచి టస్కీగీ విద్యాసంస్థకి, 1901లో వైట్ హౌస్ విందుకి వెళ్ళింది.

మనవాళ్ళకి ఇదేం వింత కాదు లెండి. అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళలో పాస్‌పోర్ట్ గడి పుణ్యమా అని నాన్న సొంత పేరే పిల్లలకి ఇంటిపేరైపోయిన ఇళ్ళు ఎన్ని లేవు!

[స్క్రీన్ మీద: 1860 పట్టిక, 1870 పట్టిక పక్కపక్కన]

ఇప్పుడు పట్టికల దగ్గరికి. వంశచరిత్ర రికార్డులు వెతికే సైటు ‘ఫ్యామిలీసెర్చ్’లో ఉచిత ఖాతా తెరవండి. ఎడమవైపు 1860 బానిసల పట్టిక. యజమాని పేరు, కింద వయసు, ఆడా మగా, రంగు. మనిషి పేరు ఉండదు. కుడివైపు 1870 జనాభా లెక్కలు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళందరినీ పేరుతో సహా రాయాలని చూసిన మొదటి లెక్క ఇదే. మీరు వెతికే వాషింగ్టన్ పూర్వీకుడు ఇక్కడ దొరికితే ముందు కౌంటీ (మన జిల్లా లాంటిది), పుట్టిన రాష్ట్రం రాసుకోండి. తర్వాత అదే కౌంటీలో 1860 పట్టిక తీసి, పదేళ్ళు తక్కువ వయసున్న వరుస ఏ యజమాని కింద ఉందో చూడండి. అది ఆధారం మాత్రమే, రుజువు కాదు. వీలునామాలు, అమ్మకం పత్రాలు కలిస్తేనే నమ్మండి. ఇంకో చిక్కు ఏమిటంటే, 1870 పట్టికలో ఇంటి పెద్దతో బంధుత్వం రాయలేదు. ఆ గడి 1880లో వచ్చింది. కాబట్టి ఒకే ఇంట్లో ఉన్నారని తల్లీకొడుకులని రాసేయకండి.

ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పేర్లు మీకు తెలిసే ఉంటాయి. వాషింగ్టన్ నగరానికి 1974లో ఎన్నికైన మేయర్ వాల్టర్ వాషింగ్టన్. షికాగో మొదటి నల్లజాతి మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్, 1983లో గెలిచి 1987లో పదవిలో ఉండగానే పోయాడు. వీళ్ళ మీద ఇదే పద్ధతి మీరే ప్రయత్నించండి.

చివరగా హోంవర్క్. ఈసారి ఇంటిపేరు జెఫర్సన్. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ దగ్గర బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ కొడుకు ఎస్టన్. ఇతని సంతతికీ జెఫర్సన్ వంశపు మగ సంతతికీ డీఎన్ఏ కలిసిందని 1998లో తేలింది. పుట్టినప్పుడు హెమింగ్స్. విస్కాన్సిన్‌కి మారాక జెఫర్సన్ అని పెట్టుకున్నాడు, కుటుంబం తెల్లవాళ్ళలో కలిసిపోయింది. పెద్ద కొడుకు అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో కల్నల్ అయ్యాడు. 1850 లెక్కల్లో ఒహాయోలో, 1860 లెక్కల్లో విస్కాన్సిన్‌లో ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకోండి. రెండు చోట్లా ఇంటిపేరుతో పాటు రంగు గడిలో ఏం రాశారో చూసి కామెంట్‌లో పెట్టండి.