బాంబులు చేయలేని పనిని మెట్రో గొయ్యి చేసింది: కొలోన్ ఆర్కైవ్ కూలింది ఎందుకు?

మిత్రులారా, ఈ రోజు నేను ఒక్క మాట చెప్పదలచుకున్నాను, చివరిదాకా దానినే పట్టుకుంటాను. జర్మనీలోని కొలోన్ నగరపు చారిత్రక ఆర్కైవ్‌ను, అంటే పాత దస్తావేజులు దాచే భాండాగారాన్ని, రెండో ప్రపంచ యుద్ధం ఏమీ చేయలేకపోయింది. శాంతికాలంలో, పట్టపగలు, ఆ నగరమే తవ్వించుకున్న గొయ్యి దానిని మింగేసింది. 2009 మార్చి 3న, మధ్యాహ్నం రెండు గంటలకు కాస్త ముందు, సెవెరిన్ వీధిలోని ఆర్కైవ్ భవనం నిమిషాల్లో నేలమట్టమైంది. పక్క ఇళ్లలో ఉన్న ఇద్దరు యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఆర్కైవ్ లోపల ఉన్నవారు బతికి బయటపడ్డారంటే అందుకు కారణం గొయ్యిలో పనిచేస్తున్న కార్మికులు. నీళ్లు తన్నుకొస్తున్నాయని చూసి, పరుగున వచ్చి కేకలు వేసి వాళ్లను బయటికి పంపించారు. అది ప్రమాదమా, నేరమా అనే వాదన మీరందరూ విన్నదే. నా దృష్టిలో అది అక్షరాలా నిర్లక్ష్యమనే నేరం.

యుద్ధం సంగతి ముందు చూడండి. కొలోన్ మీద 262 సార్లు విమానదాడులు జరిగాయి. 1942 మే 30 రాత్రి ఒక్క దాడిలోనే వెయ్యి విమానాలు వచ్చాయి. నగరం నడిబొడ్డు శిథిలాల కుప్పగా మారింది. అయినా ఆర్కైవ్‌లోని దస్తావేజులు దాదాపు చెక్కుచెదరకుండా యుద్ధాన్ని దాటాయి. ప్రమాదం వస్తోందని గుర్తించి, కాగితాలను ముందుగానే నగరం వెలుపల సురక్షిత స్థలాలకు తరలించాలని ఎవరో ఒకరు నిర్ణయం తీసుకున్నందువల్లనే అది సాధ్యమైంది. 2009లో కొరవడింది సరిగ్గా ఆ నిర్ణయమే.

ఆ ఆర్కైవ్‌లో ఏమున్నదో తెలిస్తేనే నా కోపం మీకు అర్థమవుతుంది. మొత్తం దాదాపు 30 కిలోమీటర్ల పొడవైన అరలు, 922వ సంవత్సరం నుంచి మొదలయ్యే 65,000 ఒప్పంద పత్రాలు, శాసన పత్రాలు, లక్షకు పైగా పటాలు, నక్షలు ఉన్నాయి. 1396లో వృత్తి, వర్తక సంఘాలు పాత ధనిక కుటుంబాల పెత్తనాన్ని కూలదోసి రాసుకున్న నగర రాజ్యాంగం, ఇరవై రెండు సంఘాల ముద్రలు వేలాడుతూ, అక్కడే ఉంది. ఇలాంటి హక్కుపత్రాలను భద్రంగా దాచేందుకే 1414 నాటికి నగర పాలక భవనానికి రాతి గోపురం కట్టుకున్న ఊరది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి హెర్మన్ ఫాన్ వైన్స్‌బెర్గ్ రాసిన పుస్తకాలు. పదహారో శతాబ్దపు నగర పాలక మండలి సభ్యుడాయన. రాజుల గురించి కాకుండా తన ఇంటి గురించి, తిన్న తిండి, తాగిన వైన్, బంధువుల తగవులు, వీధిలో విన్న కబుర్ల గురించి దశాబ్దాల పాటు రాసుకుంటూ పోయాడు. కుటుంబం వాళ్లు మాత్రమే చదవాలని ఆయన కోరిక. ఆయన పోయాక వచ్చిన వారసత్వ తగాదాలలో ఆ పుస్తకాలు నగరం చేతికి చేరి, ఆర్కైవ్‌లో మరుగునపడి, పందొమ్మిదో శతాబ్దంలో ఆర్కైవిస్టు లియోనార్డ్ ఎనెన్ కంటపడ్డాయి. నాలుగు వందల ఏళ్ల క్రితం ఒక మామూలు గృహస్థు ఎలా బతికాడో ఇంత వివరంగా చెప్పే రాత ప్రపంచంలో ఎన్ని చోట్ల దొరుకుతుంది? ఇక 1972లో సాహిత్య నోబెల్ అందుకున్న జర్మన్ రచయిత హైన్రిఖ్ బోల్ కాగితాలలో మిగిలిన భాగం కూలిపోవడానికి కొద్ది వారాల ముందే ఆర్కైవ్‌కు చేరిందంటే, నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

ఇప్పుడు గొయ్యి దగ్గరికి వద్దాం. ఉత్తర దక్షిణ మెట్రో మార్గం కోసం వైడ్‌మార్క్ట్ వద్ద, ఆర్కైవ్ ముంగిటనే, సుమారు 28 మీటర్ల లోతు తవ్వారు. భూగర్భ జలాన్ని ఆపడానికి నేలలోకి దించిన కాంక్రీటు గోడలో ఒకచోట లోపం మిగిలిపోయింది. తవ్వే యంత్రానికి బండరాయి అడ్డుపడితే దానిని తీయకుండానే పని ముగించడం వల్ల, అక్కడ కాంక్రీటుకు బదులు మట్టి ఉండిపోయిందని కోర్టు నియమించిన నిపుణుడు తేల్చాడు. ఆ కంతలోంచి నీరు, ఇసుక, గులకరాళ్లు గొయ్యిలోకి దూసుకొచ్చాయి. భవనం కింద నేల ఖాళీ అయిపోయింది.

హెచ్చరిక లేదనడానికి వీల్లేదు. 2004 సెప్టెంబరులో, అదే మెట్రో పనుల వల్ల, అదే వీధిలోని సెయింట్ జాన్ బాప్టిస్ట్ చర్చి గోపురం ఒరిగిపోయింది. మనిషి అడుగు వేసినంత దూరం పక్కకు వాలిన గోపురాన్ని ఊరంతా చూసింది! ఆర్కైవ్ గోడల మీద పగుళ్లు కనిపించాయి. 2008 డిసెంబరులో నిపుణుడు పరిశీలించి, భవనం నిలబడటానికి ఢోకా లేదని చెప్పాడు. ఒక్క పెట్టె కూడా కదల్లేదు.

నా సిద్ధాంతం ఇది: పని చేయించే సంస్థకే ఆ పనిని తనిఖీ చేసే బాధ్యత కూడా అప్పగించిన రోజునే ఆ భవనం కూలడం మొదలైంది. నగర రవాణా సంస్థే మెట్రో కట్టించింది, నిర్మాణ పర్యవేక్షణ కూడా దాని చేతిలోనే ఉంది. గోడలకు బిగించవలసిన ఇనుప కొక్కేలను బిగించకుండా పాత ఇనుము కింద అమ్ముకున్నారని, కాంక్రీటు పని రికార్డులను తారుమారు చేశారని తరువాత బయటపడింది. కూలడానికి అవి కారణం కాదని నిపుణులు అన్నారు, సరే. కానీ ఇనుము మాయమైనా తెలుసుకోలేని పర్యవేక్షణ, నేల కింద మిగిలిన బండరాయిని ఎలా కనిపెడుతుంది?

"అంతా డిజిటల్ చేసి ఉంటే ఈ గొడవే లేదు కదా" అనేవారికి ఒక మాట. ఫ్రైబర్గ్ సమీపంలో, కొండ సొరంగంలో, పాత దస్తావేజుల్లో చాలావాటి మైక్రోఫిల్ములు, అంటే పేజీలను బాగా చిన్నవిగా ఫోటో తీసిన ఫిల్ములు, భద్రంగా ఉన్నాయి, అందుకు ఆ పని చేసినవారికి చేతులెత్తి మొక్కాలి. అయితే ఫిల్ము అక్షరాలను మాత్రమే కాపాడుతుంది. మైనపు ముద్ర, తోలు, సిరా, అంచుల్లో కుట్టిన దారం అందులో ఉండవు. ఇరవయ్యో శతాబ్దపు రచయితల, సంగీతకారుల కాగితాల్లో ఎక్కువ భాగానికి ఆ ఫిల్ములు కూడా లేవు.

ఆ తరువాత జరిగిన పని మాత్రం నిజంగా గొప్పది. 2011 దాకా శిథిలాల్లోంచి, చివరికి భూగర్భ జలం అడుగునుంచి కూడా కాగితాలు తీశారు. దాదాపు 95 శాతం దొరికాయి. తడిసిన కట్టలను మంచినీటితో కడిగి, పలుచని ప్లాస్టిక్ పొరలో చుట్టి, గడ్డకట్టించి, గాలి తీసేసిన గదుల్లో ఆ మంచును నీరుగా కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చేశారు. ఎండినవాటిని బ్రష్షుతో, ఒక్కో పేజీ చొప్పున, సిమెంటు దుమ్ము దులిపారు. చిరిగి పేలికలైన లక్షల ముక్కలలో ఏ ముక్క ఏ పేజీదో కంప్యూటరు సాయంతో కనిపెట్టి జతచేయవలసి వచ్చింది. ఈ పని దశాబ్దాల పాటు సాగుతుంది.

2020లో నిర్మాణ సంస్థలు నగరానికి 60 కోట్ల యూరోలు చెల్లించేందుకు ఒప్పుకున్నాయి. నష్టమేమో వంద కోట్ల యూరోలు దాటింది. నేర విచారణలో తొలి తీర్పు 2018లో, అంటే తొమ్మిదేళ్ల తరువాత వచ్చింది: ఇద్దరు సైటు మేనేజర్లు నిర్దోషులు, రవాణా సంస్థకు చెందిన ఒక పర్యవేక్షకుడికి ఎనిమిది నెలల శిక్ష, అది కూడా జైలుకు వెళ్లనవసరం లేని శిక్ష. పర్యవేక్షణను ఎవరి చేతుల్లో పెట్టాలో నిర్ణయించిన పెద్దలు మాత్రం బోనులో కనిపించలేదు. ఐఫెల్‌వాల్ వద్ద 2021 సెప్టెంబరులో కొత్త ఆర్కైవ్ భవనం తెరిచారు, మంచిదే. కాని ఆ పర్యవేక్షణ నిర్ణయం మీద సంతకం చేసిన వారి పేర్లను ఆ కొత్త ఆర్కైవ్‌లోనే, అందరూ చదివేలా, ఒక అరలో పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. మీరేమంటారో కింద రాయండి.