దొడ్డి గుమ్మం గడియ తీసిందెవరు?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ వారం ఫోన్-ఇన్ కార్యక్రమంలో బ్యాక్‌డోర్ గురించి మాట్లాడుకుందాం. అంటే మన కంప్యూటర్‌కు మనకు తెలియకుండా ఇంకొకరు పెట్టుకున్న దొడ్డి గుమ్మం. ఇంజనీరింగ్ కళాశాలలో సైబర్ భద్రత పాఠాలు చెప్పే అధ్యాపకుడు మనతో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి సార్, నేరుగా ఫోన్లలోకి వెళ్దామా?

నిపుణుడు: వెళ్దామండీ. పాఠం మొదలుపెడితే నేను గంటకు తక్కువ ఆపను.

శ్రోత (తెనాలి): నమస్కారం సార్. నాది డీటీపీ సెంటరు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాను. పది రోజులుగా నా ఈమెయిల్ నుంచి ఖాతాదారులకు ఏవో జిప్ ఫైళ్లు వెళ్తున్నాయి. నేను పంపలేదు. పాస్‌వర్డ్ మార్చాను. రెండు రోజులు ఆగి మళ్లీ మొదలైంది.

నిపుణుడు: పాస్‌వర్డ్ ఎక్కడ కూర్చుని మార్చారు?

శ్రోత: షాపు కంప్యూటర్‌లోనే సార్. నాకున్నది అదొక్కటే.

నిపుణుడు: అయితే దొంగను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త తాళంచెవి చేయించారన్నమాట. ఈ మధ్య కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా వేశారా?

శ్రోత: ఫొటోలు సరిదిద్దేది ఒకటి వేశాను సార్.

నిపుణుడు: కొన్నారా?

శ్రోత: అంత డబ్బు పెట్టి కొనగల వ్యాపారమా సార్ నాది?

నిపుణుడు: నేను పోలీసును కాను, మొహమాటపడకండి. దాంతో పాటు ఒక నోట్‌ప్యాడ్ ఫైలు వచ్చిందా? ముందు యాంటీవైరస్ ఆపండి, లేకపోతే పని చేయదు అని?

శ్రోత: వచ్చింది సార్! మీకెలా తెలుసు?

నిపుణుడు: క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు ఆ చీటీ కూడా వస్తుంది. క్రాక్ అంటేనే అసలు ప్రోగ్రాములో వేలు పెట్టడం. అందుకని యాంటీవైరస్ మామూలుగానే అరుస్తుంది. అది అరవడం మామూలే అని మనకు మనమే నచ్చజెప్పుకుంటాం. దొంగకు కావలసింది ఆ మాటే. మీరు కాపలా కుక్కను గొలుసుతో కట్టేసి, దొడ్డి గుమ్మం గడియ తీసి, పైగా లోపలికి రమ్మన్నారు. ఫొటోల సాఫ్ట్‌వేర్ బాగానే పని చేస్తోంది కదా?

శ్రోత: బ్రహ్మాండంగా పని చేస్తోంది సార్.

నిపుణుడు: చేయాలి మరి. చేయకపోతే మీకు అనుమానం వస్తుంది. దాని వెనకాలే ఇంకో చిన్న ప్రోగ్రాము ఒక మారుమూల ఫోల్డరులో చేరింది. పేరు విండోస్ వాళ్లదే అనిపించేలా ఉంటుంది. కంప్యూటర్ తెరవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాలో తన పేరు కూడా రాసుకుంటుంది. ఆ తరువాత యజమానికి కబురు పంపుతుంది.

వ్యాఖ్యాత: బయటివాళ్లను ఆపడానికి ఫైర్‌వాల్ అనేది ఉంటుంది కదా సార్?

నిపుణుడు: మంచి ప్రశ్న. 1998లో బ్యాక్ ఆరిఫిస్ అనే బ్యాక్‌డోర్ ఒకటి వచ్చింది. దాన్ని రాసింది అమెరికాలో కల్ట్ ఆఫ్ ద డెడ్ కౌ అనే హ్యాకర్ల బృందం. విండోస్‌లో భద్రత ఎంత పలచగా ఉందో చూపించడానికి విడుదల చేశామన్నారు. అది సోకిన కంప్యూటర్ 31337 అనే పోర్టు, అంటే నెట్‌వైపు ఉండే నంబరు గుమ్మం ఒకటి, తెరిచి, బయటినుంచి ఎవరైనా వచ్చి తలుపు తడతారా అని ఎదురుచూసేది. అలాంటివాటిని ఇప్పుడు ఇంటి రౌటరే గుమ్మంలో ఆపేస్తుంది. అందుకని ఈ కాలపు బ్యాక్‌డోర్లు దిశ మార్చుకున్నాయి. తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది. మీ కంప్యూటరే బయటికి ఫోను చేసి, నేను సిద్ధం, ఏం చేయమంటారు అని అడుగుతుంది. మీరు వార్తలు చదువుకునే వెబ్‌సైట్లకు ఏ దారిలో వెళ్తారో అదీ ఆ దారిలోనే వెళ్తుంది. ఫైర్‌వాల్ కంటికి ఇంట్లో మనిషి బజారుకు వెళ్లినట్టే ఉంటుంది.

శ్రోత: మరి పాస్‌వర్డ్ మార్చినా ఎలా వస్తున్నారు సార్?

నిపుణుడు: మీరు కొట్టే ప్రతి మీటనూ అది రాసుకుంటుంది, కాబట్టి కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్లకు చేరిపోయింది. అసలు చాలాసార్లు పాస్‌వర్డ్‌తో పనే ఉండదు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు బయటికి వస్తే ఒక పాసు ఇస్తారు చూడండి. తిరిగి వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, పాసు చూసి వదిలేస్తారు. మీరు ఒకసారి లాగిన్ కాగానే మెయిల్ వాళ్లు బ్రౌజర్‌కు అలాంటి పాసే ఒకటి ఇస్తారు. దాన్ని కుకీ అంటారు. రోజూ పాస్‌వర్డ్ అడగకుండా మెయిల్ తెరుచుకునేది దానివల్లే. బ్యాక్‌డోర్ ఆ పాసును ఎత్తుకుపోయిందంటే, ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అడ్డుపడదు. హాల్లోకి వెళ్లినవాడిని మళ్లీ టికెట్ ఎవరు అడుగుతారు?

శ్రోత: ఇప్పుడు నన్నేం చేయమంటారు సార్?

నిపుణుడు: ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ పీకేయండి. తరువాత మీ ఫోనులోనో, నమ్మకమైన ఇంకొకరి కంప్యూటర్‌లోనో మెయిల్ తెరిచి పాస్‌వర్డ్ మార్చండి. అక్కడే, అన్ని పరికరాలనుంచి లాగ్ అవుట్ చేయమనే మీట ఉంటుంది, అది తప్పకుండా నొక్కాలి. ఇంటర్వెల్ పాసులన్నీ దాంతో రద్దవుతాయి. మీ మెయిళ్లు ఇంకో చిరునామాకు నకలు వెళ్లేలా ఎవరైనా పెట్టారేమో చూడండి. రికవరీ ఫోను నంబరు మీదేనా అన్నది కూడా. ఈ రెండూ చూడనివాళ్లే నెల తిరక్కుండా మళ్లీ నాకు ఫోను చేస్తారు. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చేదీ ఫోనులోనే. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.

శ్రోత: కంప్యూటర్‌ను మంచి యాంటీవైరస్‌తో తుడిస్తే సరిపోతుందా?

నిపుణుడు: దొరికింది పోతుంది. దొరకనిదాని సంగతి ఎవరు హామీ ఇస్తారు? నేనైతే ఇవ్వను. మీ డిజైన్ ఫైళ్లు మాత్రం తీసుకుని, ప్రోగ్రాములు ఒక్కటి కూడా మిగల్చకుండా డిస్కు మొత్తం చెరిపి విండోస్ కొత్తగా వేయించండి. ఆ క్రాక్‌ను మాత్రం మళ్లీ వేయకండి. నవ్వులాటకు అనడం లేదు, వేసినవాళ్లను చూశాను.

వ్యాఖ్యాత: తరువాత రాజమహేంద్రవరం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (రాజమహేంద్రవరం): నమస్కారం బాబూ. పాతికేళ్లు తెలుగు పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. నా కంప్యూటర్‌లో మనవల ఫొటోలు, నేను రాసుకున్న పద్యాలు తప్ప ఏమీ లేవు. నా ఇంటికి దొంగ వచ్చి ఏం పట్టుకుపోతాడు?

నిపుణుడు: పద్యాల జోలికి రాడులెండమ్మా. ఆధార్, పాన్ కార్డు, పింఛను కాగితాలు స్కాన్ చేసి పెట్టారా?

శ్రోత: పెట్టాను. 'ముఖ్యమైనవి' అని పేరు పెట్టి ఒక్క చోటే ఉంచాను.

నిపుణుడు: దొంగకు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా చేశారు. ఆ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, కంప్యూటర్‌లోంచి చెరిపేసి, పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టండి. ఇంకో సంగతమ్మా. వాళ్లకు మీ కాగితాలు అక్కరలేకపోయినా మీ కంప్యూటర్ పనికొస్తుంది. ఎవరికో మోసపు మెయిళ్లు పంపాలన్నా, ఎవరి వెబ్‌సైటునో కూల్చాలన్నా మీ గుమ్మంలోంచి పంపుతారు. పోలీసులు వెతుక్కుంటూ వస్తే ముందు కనబడే చిరునామా మీది.

శ్రోత: అయ్యో రామా! నేను కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించాను బాబూ, అది చాలదా?

నిపుణుడు: కెమెరాకు చక్కగా చాలుతుంది. మైకుకు మాత్రం బొట్టు పెట్టలేం. కంప్యూటర్‌ను ఒకసారి పరీక్షించుకోవాలంటే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మనవడితో వేయించుకోండి.

శ్రోత (వరంగల్): సార్, నేను ఆడిటర్ ఆఫీసులో గుమస్తాను. ఇన్‌వాయిస్ అని మెయిల్ వస్తే తెరిచాను. పీడీఎఫ్ బొమ్మే ఉంది, పీడీఎఫ్ అనే పేరే ఉంది. నొక్కితే ఏమీ తెరుచుకోలేదు.

నిపుణుడు: ఏమీ తెరుచుకోలేదని మీరనుకున్నారు. ఫైలు పేరు చివర విండోస్ దాచేసే తోక ఒకటి ఉంటుంది. పీడీఎఫ్ అన్న మాట తరువాత ఇంకో చుక్క పెట్టి ఇఎక్స్‌ఇ అని, అంటే ఇది కాగితం కాదు ప్రోగ్రాము అని, ఉన్నా మీకు కనబడదు. బొమ్మ ఎవరైనా ఏదైనా అతికించవచ్చు. ఫోల్డరు పైన వ్యూ అన్నచోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని పెట్టుకోండి. ఈ రోజే మీ ఆడిటర్‌గారికి విషయం చెప్పండి. తిడతారని దాచిన ప్రతి రోజూ మీ ఖాతాదారుల లెక్కలు బయటికి పోయే రోజే.

వ్యాఖ్యాత: మనబోటివాళ్లు సరే సార్, పెద్ద సంస్థల్లోకి కూడా ఇవి చేరతాయా?

నిపుణుడు: కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం సంగతి గుర్తుందా? 2019లో అక్కడ డీట్రాక్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాము, దొరికింది. ముందు అలాంటిదేమీ లేదన్నారు. మర్నాడు, అక్టోబరు 30న, నిజమేనని అణు విద్యుత్ సంస్థే ప్రకటించింది. సెప్టెంబరు 4నే సెర్ట్-ఇన్ చెప్పిందట. సోకింది పరిపాలన పనులకు ఇంటర్నెట్ వాడే ఒక కంప్యూటర్‌కు మాత్రమే, రియాక్టరును నడిపే వ్యవస్థ వేరుగా ఉంది కాబట్టి దానికేమీ కాలేదన్నారు. ఆ డీట్రాక్ చేసే పనులేమిటో తెలుసా? మీటలు రాసుకోవడం, బ్రౌజర్ చరిత్ర తీసుకోవడం, డిస్కులో ఉన్న ఫైళ్ల జాబితా రాయడం. తెనాలి షాపులో జరిగేదీ దాదాపు ఇదే.

శ్రోత (హైదరాబాద్): సార్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. క్రాక్‌లు వాడను, ఏదైనా అసలు కంపెనీ వెబ్‌సైటునుంచే తీసుకుంటాను. నాకు భయం లేనట్టేనా?

నిపుణుడు: చాలావరకు. పూర్తిగా అనను. కంప్యూటర్‌లో చెత్త తుడిచే సీక్లీనర్ తెలుసు కదా? 2017 ఆగస్టులో దాని 5.33 వెర్షను కంపెనీ సొంత వెబ్‌సైటునుంచే, కంపెనీ సొంత డిజిటల్ సంతకంతోనే, బ్యాక్‌డోర్‌తో సహా బయటికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోటికే వెళ్లి దొంగలు దాన్ని కలిపారు. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది. వాటిలో రెండో దశ సరుకు, అంటే అసలు దొంగ ప్రోగ్రాము, దింపింది మాత్రం 40కి, అవి కూడా పెద్ద టెక్నాలజీ సంస్థలవి. అంతమంది ఇళ్లు తెరిచింది ఆ నలభై ఇళ్ల కోసం.

శ్రోత: మరి ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ అయితే అందరూ చూస్తూనే ఉంటారు కదా సార్?

నిపుణుడు: చూస్తారనే అనుకుంటాం! విండోస్ లాంటిదే లినక్స్ అని ఓపెన్ సోర్స్‌ది ఒకటుంది. అందులో ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్క, ఉంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా మంచి పని చేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణ బాధ్యత పంచుకుని, చివరికి 2024లో బ్యాక్‌డోర్ కలిపారు. పట్టుకున్నదెవరో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన వెతుకుతున్నది దొంగను కాదు. వేరే కొలతలు తీసుకుంటూ ఉంటే లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని చిరాకుపడ్డాడు. ఆ అర సెకను ఎక్కడికి పోతోందని తవ్వుకుంటూ వెళ్తే ఇది బయటపడింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. ప్రధాన లినక్స్ స్థిరమైన విడుదలల్లోకి అది ఇంకా చేరలేదు, బతికిపోయాం. మనమైతే ఆ అర సెకనును నెట్ నెమ్మదిగా ఉందని వదిలేసేవాళ్లం.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. తెనాలి నుంచి ఇందాకటి శ్రోతే మళ్లీ లైన్లో ఉన్నారు.

శ్రోత (తెనాలి): సార్, తీగ పీకేశాను. ఫోనులో పాస్‌వర్డ్ మార్చి అన్నిచోట్లా లాగ్ అవుట్ చేశాను. పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చున్నారు, సాయంత్రంలోగా కార్డు డిజైన్ ప్రెస్సుకు వెళ్లాలి. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేయనా?

నిపుణుడు: ఆగండాగండి! ఆ పెన్‌డ్రైవ్ ప్రెస్సు కంప్యూటర్‌లో పెడతారు కదా? వద్దు. షాపు ప్రింటరు మీద తీసిన కాగితం ఉందా?

శ్రోత: ప్రూఫు చూపించడానికి ఒకటి తీశాను.

నిపుణుడు: అది పట్టుకుని మీరే ప్రెస్సుకు వెళ్లండి. అక్షరాలు వాళ్ల దగ్గర మళ్లీ కొట్టించండి. గంట పని.

శ్రోత: ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు సార్. కొట్టేవాడు తప్పు కొడితే?

నిపుణుడు: పక్కనే కూర్చోండి.