వీధి మనుషుల ముఖాలు: చిత్రకారుడితో ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: నమస్కారం. ఏడాదిపాటు నెల్లూరు వీధుల్లో కూర్చుని మనుషుల ముఖచిత్రాలు వేసి, వాటిని ముందు మన పురమందిరంలో, తర్వాత చెన్నైలో ప్రదర్శించిన చిత్రకారుడు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ ఒంగోలు నుంచి. చెప్పండి సార్.

శ్రోత, ఒంగోలు: నమస్తే మేడం. నమస్తే సార్. నేను పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ఇష్టం, ఉద్యోగంలో కుదరలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం బస్టాండ్ వైపు పోయి కూర్చుంటాను. అక్కడ వేపచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఉండేవాడు. ఆయన బొమ్మే ఆరుసార్లు వేశాను. నా సందేహం ఏందంటే, ఒంటి రంగు రావడం లేదు సార్. బొగ్గు పూసినట్టు వస్తోంది.

చిత్రకారుడు: నలుపు ట్యూబు వాడుతున్నారా?

శ్రోత: బ్రౌన్‌లో కొంచెం కలుపుతాను.

చిత్రకారుడు: అక్కడే పోతోంది. నలుపు ట్యూబు మూత తీయొద్దు. బర్న్‌ట్ సియెన్నా అంటే ఎర్రమట్టి గోధుమరంగు, అల్ట్రామెరైన్ బ్లూ అంటే ముదురు నీలం, ఎల్లో ఆకర్ అంటే పసుపుమట్టి రంగు, తెలుపు. ఈ నాలుగూ చాలు. సియెన్నాలో అల్ట్రామెరైన్ కలపండి, కాకినలుపు దాకా వస్తుంది, కానీ అందులో రక్తం ఉంటుంది. నీలం తగ్గిస్తే వేడి పుడుతుంది, పెంచితే నీడ పడుతుంది. ఇంకోటి, ఆరుబయట నల్లటి నుదుటి మీద మెరుపు ఉత్త తెలుపు కాదు. ఆకాశం నీలం కొంచెం అందులో ఉంటుంది. కూర్చుని చూస్తే కనబడుతుంది. ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికి పోయి వేస్తే కనబడదు. ఫోటోలో నీడలన్నీ కలిసిపోయి ముద్దయిపోతాయి.

శ్రోత: నేను ఫోటో చూసే వేస్తున్నా సార్. ఆయన ఊరికే కూర్చోడు కదా, చేతిలో పని ఉంటుంది. చెప్పులు కుట్టే ఆర నోట్లో పెట్టుకుని, దారానికి మైనం రాస్తా మాట్లాడేవాడు. వానాకాలంలో అయితే గిరాకీ ఎక్కువ, తలెత్తడానికే తీరిక ఉండదు. నాకు కూడా రెండుసార్లు ఊరికే కుట్టిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మరి ఒంటి రంగుకి బ్రౌన్‌లో నలుపు ఎంత కలపాలి సార్?

చిత్రకారుడు: సార్, ఇప్పుడే చెప్పాను. నలుపు వద్దు. సియెన్నా, అల్ట్రామెరైన్. రాసుకోండి.

శ్రోత: రాసుకుంటున్నా.

చిత్రకారుడు: కొందరు జాలిపడి మనవాళ్లను రెండు ఛాయలు తెల్లగా వేస్తారు. అది నాకు చాలా బాధ. ఎండలో ముప్పై నలభై ఏళ్లు కూర్చున్న మనిషి రంగు అది, ఆయన సంపాదించుకున్నది. దాన్ని చెరిపే హక్కు మనకు లేదు. ఇప్పుడు ఆయన దగ్గరికి స్టూలు వేసుకుని పోండి, అడిగి కూర్చోండి. పని చేస్తూ ఉన్నా పర్లేదు, తల మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది. ఆగి ఆగి వేయండి.

శ్రోత: ఆయన లేడు సార్. పోయిన నెలలో పోయాడు.

చిత్రకారుడు: అయ్యో.

శ్రోత: అదే అసలు సంగతి. ఆయన కూతురు వచ్చింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా సరైనది లేదంట, ఆధార్ కార్డులో ఉన్నదే. ‘నువ్వు బొమ్మ వేశావంట కదా పెదనాన్నా, ఇస్తావా’ అని అడిగింది. ఆ ఆరింటిలో ఒకటే బాగా వచ్చింది. అది ఎగ్జిబిషన్‌లో పెట్టాలని ఫ్రేము కూడా కట్టించాను. ఇవ్వాలా, వద్దా అని పది రోజులుగా టెన్షన్ సార్.

చిత్రకారుడు: ఇచ్చేయండి.

శ్రోత: ఒకటే ఉంది సార్.

చిత్రకారుడు: అందుకే ఇచ్చేయండి. అద్దం తీసి మంచి వెలుతురులో ఫోటో తీయించి దగ్గర పెట్టుకోండి. ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు ఆ అమ్మాయిని అడగండి, వారం రోజులకు ఇస్తుంది. నేనూ అలాగే చేశాను. మన నెల్లూరు మద్రాసు బస్టాండ్ దగ్గర పూలమ్మే ఆమె బొమ్మ చెన్నై ప్రదర్శనకు ఆమె ఇంటి నుంచే తీసుకుపోయాను. తిరిగి గోడకు తగిలించేదాకా ఊరుకోలేదు ఆమె. వాటర్ కలరేనా మీది?

శ్రోత: అవును సార్.

చిత్రకారుడు: అయితే ఫ్రేము విప్పించి చూడండి, కాగితం అద్దానికి అంటుకోకూడదు. మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ అట్ట, ఉండాలి. మనది సముద్రగాలి, తేమకు అద్దం వెనక బూజు పడుతుంది. నా రెండు బొమ్మలు ఒక గ్యాలరీ గోదాములో అలాగే పాడయ్యాయి. తడి గోడకు ఆనించి పెట్టారు. ఇప్పటికీ వాటిని చూడలేను.

నిర్వాహకురాలు: ధన్యవాదాలు సార్. కందుకూరు నుంచి ఇంకొకరు.

శ్రోత, కందుకూరు: సార్, ఒకాయన డబ్బిచ్చి తన బొమ్మ వేయించుకున్నారు. దాన్ని ప్రింట్లు తీసి నేను అమ్ముకోవచ్చా?

చిత్రకారుడు: కుదరదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవారిది. ముందే కాగితం రాసుకోండి.

శ్రోత: నోటిమాటగా ఒప్పుకున్నారు…

చిత్రకారుడు: కాగితం.

నిర్వాహకురాలు: తర్వాత మార్కాపురం. చెప్పమ్మా.

శ్రోత, మార్కాపురం: సార్, నేను డిగ్రీ చదువుతున్నా. ఆయిల్‌లో వేశాను, వచ్చే నెల ప్రదర్శన. వార్నిష్ ఎప్పుడు వేయాలి?

చిత్రకారుడు: ఎప్పుడు వేశావు?

శ్రోత: రెండు నెలలైంది.

చిత్రకారుడు: ఆగు తల్లీ. పైన ఆరినట్టు ఉంటుంది, లోపల ఆరదు. ఆరు నెలలైనా ఆగాలి. వార్నిష్ లేకుండానే పెట్టు, ఎవరూ ఏమీ అనరు. ఎవరి బొమ్మ?

శ్రోత: పలకల క్వారీలో పనిచేసే ఆయనది సార్. ఫోటో చూసి…

చిత్రకారుడు: ఫోటో వద్దమ్మా. ఒక్కపూట పోయి ఆయన దగ్గర కూర్చో. పలక దుమ్ము చేతుల మీద ఏ రంగులో ఉందో చూడు. ప్రదర్శనకు ముందు ఆ బొమ్మ ఆయనకు చూపించు. పిలువు కూడా. రానుపోను బస్సు ఛార్జీ నువ్వే పెట్టుకో.

నిర్వాహకురాలు: థాంక్యూ అమ్మా. ఇదే చివరి ఫోన్. నెల్లూరు నుంచి.

శ్రోత, నెల్లూరు: సార్, పూలామె మా పక్కనే. మాది టీ అంగడి. నా బొమ్మ కూడా వేస్తారా?

చిత్రకారుడు: వేస్తానమ్మా. ఎన్నింటికి తెరుస్తారు?

శ్రోత: నాలుగింటికే పొయ్యి వెలిగిస్తా. ఐదు దాటితే జనం, మీకు కూర్చోను చోటుండదు.

చిత్రకారుడు: అయితే నాలుగింటికే వస్తా. స్టూలు నేనే తెచ్చుకుంటా.

శ్రోత: ఎందుకు సార్, బల్ల ఉంది. నేను నల్లగా ఉంటా, చెబుతున్నా ముందే.

చిత్రకారుడు: ఎంత నలుపుంటే అంతే వేస్తా తల్లీ. ఎల్లుండి పొద్దున.

నిర్వాహకురాలు: వచ్చినందుకు ధన్యవాదాలు సార్. ఫోన్ చేసినవారందరికీ నమస్కారం.