గుర్రమెక్కే ముందు తల సంగతి

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు గుర్రపు స్వారీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. హైదరాబాద్ శివార్లలో ఒక చోట చేర్పించాం. మొదటిరోజు వాళ్లిచ్చిన హెల్మెట్‌ను తిరగేసి చూశాను. లోపలి మెత్త చెమటకి అట్టకట్టింది. దాని కింద థర్మాకోల్ లాంటి పొరలో బొటనవేలు పట్టేంత సొట్ట. “ఏం కాదు సార్, అందరూ ఇదే పెట్టుకుంటారు” అన్నాడు అక్కడి కుర్రాడు. అందరూ పెట్టుకున్నారనే కదా నా టెన్షన్!

ఆ పొర పనే నలగడం. కిందపడ్డప్పుడు తను నలిగి, దెబ్బ జోరును మింగేస్తుంది. నలిగిన చోట మళ్లీ పొంగదు. పైడొప్ప నిగనిగలాడుతున్నా లోపల సరుకు అయిపోయినట్టే. అందుకే ఎంత చౌకగా వచ్చినా సెకండ్ హ్యాండ్‌ది కొనకండి.

“ఇంట్లో బైక్ హెల్మెట్ ఉందిగా మామయ్యా” అంది. ఉంది, ఐఎస్ఐ ముద్రతో సహా. కానీ అది బరువు, పైగా చెవులు మూసేస్తుంది. నేర్పేవాళ్ల కేక వినపడాలి కదా. సైకిల్‌ది తల వెనక భాగాన్ని సరిగా కప్పదు.

మెల్లగా నడిచే గుర్రానికి ఇంత హంగామా ఎందుకంటారా? అమెరికాకు చెందిన కోర్ట్నీ కింగ్-డై 2008 ఒలింపిక్స్‌లో స్వారీ చేసిన మనిషి. 2010 మార్చిలో మామూలు సాధనలో గుర్రం తడబడి పడింది. ఆ రోజు ఆమె తలకు హెల్మెట్ లేదు. వారాల తరబడి కోమాలో ఉండిపోయింది.

కొనేటప్పుడు లోపల అంటించిన చీటీ చదవండి. ఏఎస్‌టీఎం ఎఫ్1163, దాంతోపాటు పరీక్షించి ధ్రువీకరించే ఎస్ఈఐ సంస్థ ముద్ర ఉంటే అమెరికా ప్రమాణం. పీఏఎస్ 015 బ్రిటన్‌ది, వీజీ1 యూరప్‌ది. వీటిలో ఒకటైనా లేని వెల్వెట్ టోపీ ఫొటోకి బాగుంటుంది, అంతే. అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్లు 2022 చివర్లో ఈ హెల్మెట్లను పరీక్షించి స్టార్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఖరీదు పెరిగిందని స్టార్లు పెరగలేదు. తోలు అంచులకీ, తళుకులకీ పెట్టే డబ్బు తలను కాపాడదు.

ఇక అసలు తంటా సైజుతో. టేపుతో నుదుటి చుట్టూ కొలిచి వెళ్లండి. అయినా పెట్టుకు చూడందే తేలదు, ఒకరి తల గుండ్రం, ఇంకొకరిది కోల. కనుబొమలకు కాస్త పైన అడ్డంగా కూర్చోవాలి. పట్టీ పెట్టకుండా తల ఊపితే నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో పాటే కదలాలి. జారిందా, ఒక సైజు తగ్గించండి.

మా మేనకోడలికి మొదట ఏదీ కుదరలేదు. ఎంత నొక్కినా వెనక పైకి లేచేది. షాపులో అరగంట గడిచాక గానీ తెలియలేదు, తప్పు హెల్మెట్‌ది కాదు, కొప్పుది. ముడి విప్పి, మెడ దగ్గర జడ కిందికి వేశాక, అన్నిటికంటే తక్కువ ధరది, చీటీ ఉన్నదే, చక్కగా అతుక్కుంది. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మా అక్క చేసే మొదటి పని ఆ జడ వేయడం.